మంత్రగత్తె వంపు

రోలర్ కోస్టర్ మీద కడుపు ఒక్కసారిగా ఖాళీ అయిపోయినట్టు అనిపిస్తుందే, అది సరిగ్గా ఎక్కడ జరుగుతుంది? ఇంటర్ మొదటి సంవత్సరం అమ్మాయిలకి అవకలనం పాఠాన్ని చాలా ఏళ్లుగా ఈ ప్రశ్నతోనే మొదలుపెడుతున్నాను. "బాగా ఎత్తుకు పోయినప్పుడు మేడమ్" అంటారు కొందరు. "నిలువునా దిగేటప్పుడు" అంటారు ఇంకొందరు. "ఎక్కితే గద మేడమ్ ఎరుకయ్యేది" అని వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు అంటారు. ప్రతి బ్యాచ్‌లోనూ అంటారు. క్లాసంతా నవ్వుతుంది. నేనూ నవ్వుతాను గానీ, క్లాసు నిండా ఉన్న పదహారు పదిహేడేళ్ల పిల్లల్లో అలాంటిది ఎక్కినవాళ్లు ఒకరో ఇద్దరో ఉండడం, కొన్నేళ్లు ఒక్కరూ లేకపోవడం నవ్వుకునే సంగతేం కాదు.

నేను లెక్కలు చెప్పేది కార్వాన్‌లో, ఒక ఆడపిల్లల జూనియర్ కాలేజీలో. పుట్టి పెరిగిందీ ఇక్కడే. గోల్కొండ వజ్రాల వ్యాపారం సాగిన రోజుల్లో బిడారులు దిగిన చోటు కాబట్టి ఈ పేరు. 1671లో కట్టిన టోలీ మసీదు ఇక్కడుంది. 1578 నాటి పురానాపూల్ మరీ దూరమేం కాదు. మూసీ వైపు గల్లీలు దిగుతూ పోతాయి. కాబట్టి వాలు అంటే ఏంటో మా పిల్లలకి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. వీళ్లలో చాలామంది తల్లులు గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి పూలో కూరగాయలో తెచ్చి తోపుడుబండి మీద అమ్మేవాళ్లు. ఎక్కుడులో బండిని ఎవరు వెనక నుంచి నెట్టాలో, దిగుడులో ఎవరు ముందుకెళ్లి రెండు చేతులతో ఆపాలో చిన్నప్పటి నుంచీ తెలిసినవాళ్లు. "ఎక్కుడు కాదు మేడమ్, ఎక్కుడు షురూ అయ్యే కాడనే కష్టం" అంది ఒకసారి ఒకమ్మాయి. రెండో అవకలజం గురించి ఇంత సూటిగా నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఎందుకంటే ఎత్తు ఒకటి. ఆ ఎత్తు ఎంత జోరుగా మారుతోందో చెప్పేది వాలు, అంటే మొదటి అవకలజం. ఆ వాలే ఎంత జోరుగా మారుతోందో చెప్పేది రెండో అవకలజం. వాలు మారకుండా సాగినంతసేపూ శరీరం దానికి ఎంతో కొంత సర్దుకుంటుంది. అది మారే చోట సర్దుకునే టైం ఉండదు. కడుపు ఖాళీ అయ్యేదీ, మెడ విరిగేదీ అక్కడే.

మా చిన్నప్పుడు ఎత్తు అంటే నుమాయిష్. జనవరి ఒకటి నుంచి ఫిబ్రవరి పదిహేను దాకా నాంపల్లి మైదానంలో సాగే ఎగ్జిబిషన్‌ని మా ఇళ్లలో ఇప్పటికీ నుమాయిష్ అనే అంటారు. 1938లో మొదలైంది. ఇంటిల్లిపాదీ వెళ్లేవాళ్లం. అన్నలిద్దరూ జెయింట్ వీల్, కొలంబస్ ఎక్కేవాళ్లు. నేనూ అక్కా వాళ్ల చెప్పులు, మిర్చీల పొట్లం పట్టుకుని కింద నిలబడి పైకి చూసేవాళ్లం. లంగా లేస్తుందని అమ్మ భయం. ఆడపిల్ల కడుపు అట్లా తిప్పితే రేపు పిల్లలు పుట్టరని అవ్వ భయం. మౌత్ కా కువా దగ్గర మాత్రం ఏ అభ్యంతరమూ లేదు. చావుబావి గోడ మీద మోటార్‌సైకిల్ తిప్పే అతని భయాన్ని చూడ్డానికి ఆడా మగా అందరూ వెళ్లొచ్చు. నా భయం నేను పడాలంటేనే ఎవరో ఒప్పుకోవాలి.

సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ, కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నిక్ లాంటివి నడిపేది ఆ ఎగ్జిబిషన్ సొసైటీయేనని పెద్దయ్యాక తెలిసింది. అంటే అన్నలు జెయింట్ వీల్ ఎక్కితే ఆ మైదానం ఆదాయంలో కొంత ఆడపిల్లల చదువుకి పోయిందన్నమాట. ఆ లెక్క ఎటు తిప్పి చూసినా నాకు సంతోషమూ వస్తుంది, మంటా వస్తుంది. పదో తరగతయ్యాక నేను ఎంపీసీ అంటే ఇంట్లో ఎంత గొడవైందో, చివరికి ఎవరు మెత్తబడ్డారో చెప్పాలంటే అది వేరే కథ. ఇలాంటి కథ ఈ పేజీలు చదివేవాళ్లలో చాలామందికి ఉండే ఉంటుంది.

ఇక లెక్క దగ్గరికి వద్దాం. అమెరికా కాలేజీల్లో బాగా వాడే జేమ్స్ స్టువార్ట్ కాలిక్యులస్ పుస్తకంలో రోలర్ కోస్టర్ మొదటి గుట్టని గీయమనే ప్రాజెక్టు ఒకటుంది. ఎక్కేదారి ఒక సరళరేఖ, దిగేదారి ఇంకో సరళరేఖ. రెండింటినీ పైన ఒక పరావలయంతో అతకాలి. అతుకు తెలియకూడదు. నేను దాన్ని మీటర్లలోకి మార్చి, నా అంకెలు వేసుకున్నాను. ఎక్కే వాలు 0.5. దిగే వాలు 1.5, అంటే సుమారు 56 డిగ్రీలు. రెండు అతుకుల మధ్య అడ్డదూరం 40 మీటర్లు. అడ్డదూరంలో సగం తీసుకుని, దాన్లోంచి అడ్డదూరం వర్గంలో నలభయ్యో వంతు తీసేస్తే ఆ చోట ఎత్తు వస్తుంది. పరావలయం అంతే. మొదటి అతుకు నుంచి 10 మీటర్ల దగ్గర శిఖరం. శిఖరం నుంచి రెండో అతుకు దాకా 22.5 మీటర్ల దిగుడు. పైన బండి దాదాపు ఆగిపోయి, రాపిడి లేకుండా జారిందనుకుంటే రెండో అతుకు దగ్గర వేగం సెకనుకి సరిగ్గా 21 మీటర్లు. గంటకి 75 కిలోమీటర్ల పైమాట. వర్గమూలం ఇంత శుభ్రంగా రావడం చూసి పిల్లలు సంబరపడతారు. పరీక్ష పేపర్లో తప్ప లెక్కలు శుభ్రంగా రావని వాళ్ల నమ్మకం.

మాకు లెక్కలకి ల్యాబ్ లేదు. తండ్రి కరెంటు పని చేసే ఒకమ్మాయి పీవీసీ పైపులు తెచ్చింది. నిలువుగా చీల్చి, కాలేజీ మేడ మీద ఇటుకలు ఆనించి గోలీలు వదిలాం. రెండు సరళరేఖల్ని కోణంగా అతికినప్పుడు గోలీ గాల్లోకి లేచి పక్కింటి రేకుల మీద పడింది. పైపుని కాస్త వేడిచేసి వంచి, పరావలయంలా పెట్టాక పైపులోనే ఉండిపోయింది. "అయిపాయె మేడమ్, సెట్టయింది" అన్నారు. గోలీకి సెట్టయింది నిజమే. కానీ గోలీకి మెడ లేదు. సరళరేఖ మీద రెండో అవకలజం సున్నా. పరావలయం మీద అది మైనస్ 0.05. అతుకు దగ్గర వాలు కలిసింది గానీ వాలు మారే తీరు కలవలేదు. సెకనుకి 21 మీటర్ల వేగంతో ఆ అతుకు దాటే మనిషి మీద ఉన్న త్వరణం ఒక్క క్షణంలో సుమారు 3.8 మారిపోతుంది. గురుత్వం 9.8 కదా, అందులో మూడో వంతుకి పైనే. ఎవరో వెనక నుంచి తోసినట్టు ఉంటుంది. దాన్ని పోగొట్టాలంటే పరావలయానికి రెండు వైపులా ఘనపు ప్రమేయం ముక్కలు పెట్టి, రెండో అవకలజం కూడా మెల్లగా సున్నా నుంచి ఎదిగేలా చెయ్యాలి. ఆ సమీకరణాలు సాధించడానికి మాకు వారం పట్టింది. రైలు పట్టాలు, రోడ్ల మలుపులు వేసే ఇంజనీర్లూ ఇదే పని చేస్తారు. మెహదీపట్నం దగ్గర ఫ్లైఓవర్ ఎక్కే ప్రతిసారీ నాకు ఆ వారం గుర్తొస్తుంది.

గీసిన గుట్టల్ని పోల్చడం ఎట్లా? దీనికీ అమెరికా క్లాసురూముల్లో ఒక సూత్రం వాడతారు. దిగుడు ఎంత ఎత్తో చూడు, అందులో అన్నిటికంటే నిటారుగా ఉన్న చోట కోణం ఎంతో రేడియన్లలో చూడు, రెండూ గుణించు. అన్ని దిగుళ్లకీ వచ్చినవి కలుపు. అదే ఆ కోస్టర్ 'థ్రిల్'. మా పరావలయం గుట్టకి 22.1 వచ్చింది. ఇంకో జట్టు 60 డిగ్రీల కోణంతో 12 మీటర్ల చిన్న గుట్టలు రెండు గీసింది. వాళ్లకి 25.1. "పొట్టిది గెల్సింది" అని గోల. ఆ గోలలోంచే అసలు చర్చ పుట్టింది. ఈ సూత్రం ఎవరు పెట్టారు మేడమ్? పైన ఒక్క క్షణం ఆగినట్టు అనిపించేదానికి మార్కులు లేవా? లూప్‌కి ఎన్ని? భయపడి ఏడ్చినోళ్లకి థ్రిల్ కలపాల్నా, తీసెయ్యాల్నా? నేను జవాబులు చెప్పలేదు. అది ఒక టీచరు సౌకర్యం కోసం పెట్టుకున్న కొలత, ప్రకృతి సూత్రం కాదు, మీరు వేరేది పెట్టుకోవచ్చు అన్నాను. పాఠ్యపుస్తకంలో ఉన్నదాన్ని మార్చుకోవచ్చని విన్నప్పుడు మా పిల్లల మొహాలు ఎట్లా ఉంటాయో మీరు చూడాలి. తెలుగు అకాడమీ పుస్తకంలో అచ్చుతప్పుని కూడా అట్లాగే బట్టీపట్టే పిల్లలు వీళ్లు.

ఆ బ్యాచ్‌కే నేను ఆన్యేసి గురించి చెప్పాను. మరియా గయెటానా ఆన్యేసి 1718లో మిలాన్‌లో పుట్టింది. ఇరవై ఒక్క మంది సంతానంలో పెద్దది. తమ్ముళ్లకి పాఠాలు చెప్పుకుంటూ మొదలుపెట్టిన పని పెరిగి పెరిగి 1748లో రెండు సంపుటాల గ్రంథమైంది. బీజగణితం నుంచి సమాకలనం దాకా అన్నీ ఒకే వరసలో, అది కూడా లాటిన్‌లో కాదు, ఇటాలియన్‌లో. 1750లో బొలోన్యా విశ్వవిద్యాలయం గణిత పీఠం ఇచ్చింది. ఆమె అక్కడ పాఠం చెప్పలేదు. తండ్రి పోయాక మిగతా జీవితమంతా పేద ఆడవాళ్లకి, జబ్బుపడ్డవాళ్లకి సేవ చేస్తూ గడిపి 1799లో పేదరికంలో చనిపోయింది.

ఆమె పుస్తకంలో ఒక వంపు ఉంది. ఒక ఎత్తు తీసుకోండి. ఆ ఎత్తు ఘనాన్ని, ఎత్తు వర్గమూ అడ్డదూరం వర్గమూ కలిపిన మొత్తంతో భాగించండి. గీస్తే మధ్యలో గుండ్రటి శిఖరం, రెండు వైపులా మెల్లగా నేలలో కలిసిపోయే అంచులు. అచ్చం గుట్ట. దాన్ని ఇటలీలో 'వెర్సియేరా' అన్నారు. తెరచాపని తిప్పే తాడుకి సంబంధించిన మాట అది. కేంబ్రిడ్జి ప్రొఫెసర్ జాన్ కోల్సన్ ఆ పుస్తకాన్ని ఇంగ్లీషులోకి తెస్తూ దాన్ని ఆడదయ్యం అనే అర్థమున్న దగ్గరి మాటతో కలిపేసి 'విచ్' అని రాసిపెట్టాడు. ఆ అనువాదం 1801లో అచ్చయ్యేనాటికి ఆమే లేదు, ఆయనా లేడు. ఇప్పటికీ ఇంగ్లీషు పుస్తకాల్లో ఆ వంపు పేరు ఆన్యేసి మంత్రగత్తె. పొరపాటున పడ్డ పేరేనంటారు. మంత్రగత్తె అని పేరుపెట్టి ఒంటరి ఆడవాళ్లని మన ఊళ్లలో ఏం చేశారో, ఇంకా ఏం చేస్తున్నారో తెలిసిన మనకి అది ఉత్త అనువాద దోషంగా వినిపించడం కష్టం. లెక్కలు వచ్చిన ఆడమనిషి పక్కన ఆ మాట ఎంత సులువుగా అతుక్కుందో!

పిల్లలు ఆ పేరు వినగానే ఆ గుట్టని దత్తత తీసుకున్నారు. 20 మీటర్ల మంత్రగత్తె గుట్ట గీశారు. దీనికి సరళరేఖలతో అతుకులే అక్కర్లేదు, మొదటి నుంచి చివరిదాకా ఒకటే ప్రమేయం. రెండో అవకలజం ఎక్కడా తెగదు. అయితే చిత్రం, గుట్ట ఎంత ఎత్తుగా గీసినా అన్నిటికంటే నిటారుగా ఉన్న చోట కూడా 33 డిగ్రీలు దాటదు. సూత్రం ప్రకారం దీని థ్రిల్ 11.5. అందరికంటే ఆఖరు. "మంత్రగత్తె ఫెయిల్" అని బోర్డు మీద రాశారు ఎవరో.

ఒకమ్మాయి మాత్రం ఒప్పుకోలేదు. ఎప్పుడూ పెద్దగా మాట్లాడని పిల్ల. తల్లి జియాగూడలో పూలు కడుతుంది. "దిగేది కొలిచిన్రు గని, పైన ఏమైతదో లెక్క కట్టలే గద మేడమ్" అంది. రెండు రోజుల తర్వాత నోట్‌బుక్ తెచ్చి చూపించింది. శిఖరం దగ్గర వాలు సున్నా కాబట్టి వక్రత అంటే రెండో అవకలజమే. అది ఎత్తు కింద రెండు. అంటే అక్కడ వంపు వ్యాసార్ధం ఎత్తులో సగం, 10 మీటర్లు. ఆ వంపు మీద సీటుకీ మనిషికీ మధ్య ఒత్తిడి సున్నా కావాలంటే వేగం వర్గం 98 ఉండాలి. అంత వేగం రావాలంటే బండి ఈ శిఖరం కంటే 5 మీటర్లు పైనుంచి మొదలవ్వాలి. అయిదు, ఇరవైలో పావు వంతు. ఎత్తు మార్చి మళ్లీ చేసింది. పావే వచ్చింది. మళ్లీ మార్చింది. పావే. ముందున్న గుట్ట దీనికంటే పావు వంతు ఎత్తుంటే చాలు, మంత్రగత్తె మీద ఎవరైనా సరే ఆ ఒక్క క్షణం బరువు లేకుండా తేలుతారు. ఎవరి బరువు ఎంతైనా. ఎందుకంటే లెక్కలో బరువు కొట్టుకుపోయింది. "దిగుడుల కాదు మేడమ్, పైననే ఉంది దీని మంత్రం" అని నవ్వింది. మా క్లాసులో ఇప్పటికీ దాన్ని పావు సూత్రం అంటారు.

కాగితం మీద గీసేవాడికి వంపు. ఎక్కేవాళ్లకి మెడ. ఈ సంగతి లోకానికి చాలా ఆలస్యంగా తెలిసింది. 1895లో న్యూయార్క్ కోనీ ఐలండ్‌లో ఫ్లిప్ ఫ్లాప్ రైల్వే అని ఒకటి కట్టారు. లూప్‌ని సరిగ్గా వృత్తంలా కట్టారు. పైన బండి పడిపోకుండా ఉండటానికి కావాల్సిన కనీస వేగం తీసుకుని కిందికి లెక్క కడితే, లూప్ అడుగున మనిషి మీద పడే భారం సొంత బరువుకి ఆరు రెట్లు. వృత్తం పెద్దదైనా చిన్నదైనా ఆరే. తల అయిదు కిలోలనుకుంటే ఆ క్షణంలో మెడ మీద ముప్పై కిలోలు. ఎక్కినవాళ్ల మెడలు దెబ్బతిన్నాయి. సరళరేఖ నుంచి వృత్తంలోకి దూకినప్పుడు వక్రత ఒక్కసారిగా సున్నా నుంచి పెరగడం దానికి తోడు. 1976లో కాలిఫోర్నియాలో రెవల్యూషన్ అనే కోస్టర్ కోసం వెర్నర్ స్టెంగెల్ వేసిన లూప్ వృత్తం కాదు. కింద విశాలంగా మొదలై, పోయేకొద్దీ బిగుసుకుని, మళ్లీ విచ్చుకునే క్లోథాయిడ్. నూలు వడికే గ్రీకు దేవత క్లోతో పేరు మీద పెట్టిన పేరది. పాపం, దేవత పేరు ఒక వంపుకి, దయ్యం పేరు ఇంకో వంపుకి. మనిషి పేరు మాత్రం ఆడవాళ్లకి అంత సులువుగా దొరకదు.

2016లో రావిర్యాల దగ్గర, అవుటర్ రింగ్ రోడ్డు పక్కన వండర్లా తెరిచారు. అందులో రికాయిల్ అని ఒక రోలర్ కోస్టర్. ముందుకి తలకిందులై వెళ్లి, అదే దారిలో వెనక్కి తలకిందులై వస్తుంది. ఆ తర్వాతి చలికాలం పిల్లల్ని తీసుకెళ్లాలని నిర్ణయించుకున్నాం. అనుమతి కాగితాలు పంచితే సగం తిరిగి రాలేదు. ఇంటింటికీ తిరిగాను. "ఆటలకెందుకమ్మా ఇంత దూరం" అన్న తండ్రికి లెక్కల ప్రాజెక్టు అని చెప్తే ఒప్పుకున్నాడు. నాకది రుచించలేదు. ఆటకి కూడా పోవచ్చు కదా! అయినా ఆ మాటే వాడుకున్నాను. పావు సూత్రం చెప్పిన పిల్ల ఇంట్లో మాత్రం అది కూడా పనిచెయ్యలేదు. పెళ్లి కుదిరింది, అటువాళ్లు వద్దన్నారు. ఆ పిల్ల తన స్నేహితురాలి చేతికి ఒక చీటీ ఇచ్చి పంపింది. బండి అటు చివర ఎత్తున ఆగి వెనక్కి మళ్లుతుంది చూడు, అక్కడ వేగం సున్నా గదా, ఆ సున్నా ఎంతసేపున్నట్టు అనిపిస్తదో లెక్కపెట్టుకుని రా, అని.

చున్నీలు నడుముకి చుట్టుకుని, జడలు లోపలికి దోపుకుని ఎక్కారు. నేనూ ఎక్కాను. లూప్ అడుగున చెయ్యి ఎత్తుదామంటే లేవలేదు. మా అక్కని తీసుకురావాల్సింది అనుకున్నాను. దిగాక అందరూ గడ్డి మీద కూర్చుని అంకెలు చెప్పారు. కళ్లు తెరుచుకున్నవాళ్లకి ఆ సున్నా రెండు లెక్కపెట్టినంత. కళ్లు మూసుకున్నవాళ్లకి నాలుగు, అయిదు. ఒకమ్మాయి ఏడు అంది. స్నేహితురాలు అవన్నీ చీటీ వెనక రాసుకుంది.

ఆ పిల్ల పెళ్లయ్యాక డిగ్రీలో చేరలేదు. అయిదారేళ్లకి ఏదో సర్టిఫికెట్ కోసం కాలేజీకి వచ్చింది, చంకలో కూతురితో. నుమాయిష్‌కి పోయి జెయింట్ వీల్ ఎక్కానని చెప్పింది. "పైననే మేడమ్ తేలికయ్యేది, దిగేటప్పుడు కాదు. లెక్కల ఉన్నట్టే ఉంది" అంది. ఏం అనాలో తెలీక టీ తెప్పించాను. పావు సూత్రం ఇంకా చెప్తున్నారా అని అడిగింది. చెప్తున్నాం అన్నాను. ఎవరి పేరుతో అని అడగలేదు. నేనే చెప్పాను.

ఈ ఏడాది పిల్లలు థ్రిల్ సూత్రాన్ని మూడు నిలువు వరసలు చేశారు. ఒకటి పాతదే, దిగుడునీ కోణాన్నీ గుణించింది. రెండోది శిఖరం మీద రెండో అవకలజం నుంచి కట్టిన తేలిక. మూడోదానికి సూత్రం లేదు, ఎక్కినవాళ్లు చెప్పింది రాయడమే. మూడూ కలిపి ఒక్క అంకె చెయ్యాలని ఒక జట్టు, చెయ్యకూడదని ఇంకో జట్టు. రెండు వారాలుగా కొట్లాట నడుస్తోంది. మూడో వరస చాలావరకు ఖాళీగా ఉంది. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఉచితం కాబట్టి దారి ఖర్చు గురించి ఎవరూ మాట్లాడటం లేదు. అనుమతి కాగితాలు రెండు తప్ప అన్నీ వచ్చాయి. రేపు సాయంత్రం ఆ రెండిళ్లకీ వెళ్లాలి. చార్టు చుట్టి సంచిలో పెట్టుకున్నాను. ఈసారి ఆటకే తీసుకెళ్తున్నామని చెప్దామని ఉంది.